ఎడమచేతి కుట్లు

మా మేనత్త పోయింది. ఫిబ్రవరిలో, ఇంటి ముందు మంచు గుట్టలుగా పేరుకుపోయి ఉన్న ఒక పొద్దున, రెండోసారి వచ్చిన స్ట్రోక్‌తో పోయింది. ఆమె ప్రభువునందు నిద్రించిందని పాస్టర్‌గారు అందరికీ ఫోన్ చేసి చెప్పారు. మనవాళ్ళు ఎవరు పోయినా అనే మాటే అది, తప్పుపట్టను. కానీ ఆమెను ఎరిగినవాళ్ళకు ఆ మాట నప్పదు. పగటిపూట ఆమె కన్ను మూయగా చూసినవాళ్ళు లేరు. వింటే మాత్రం "నిద్రేంది? చచ్చిపోయానని సరిగ్గా చెప్పండి" అని ఉండేది. బతుకంతా నర్సుగా చేసిన మనిషి. చావును చావనే పిలిచేది.

జ్ఞాపకార్థ కూడికలో చాలామంది ఆమె ఓర్పు గురించి మాట్లాడారు. ఓర్పు ఆమెకు లేదు. ఉన్నది మొండితనం. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళు ఆమె గురించి ఇంకేమైనా అనేలోపు నాలుగు మాటలు నేను రాస్తున్నాను.

ఆమె మా నాన్నకు అక్క. గుంటూరులో నర్సుగా పనిచేసి, అరవై ఎనిమిదిలో డెట్రాయిట్‌లో ఒక ఆసుపత్రికి వచ్చింది. తర్వాత మామయ్యనీ కొడుకునీ రప్పించుకుని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొంది. మా ఆయనకు ఇక్కడి కార్ల కంపెనీలో ఉద్యోగమై నేను కాపురానికి వచ్చింది డెబ్బై తొమ్మిదిలో. అప్పటికే మామయ్య లేడు. కొడుకు, నాకు వరసకు బావ, కాలేజీలో ఉన్నాడు. ఈ దేశంలో నాకున్న పుట్టింటి మనిషి అత్త ఒక్కతే.

వచ్చిన కొత్తల్లో ఒకరోజు ఆమె నన్ను బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళింది. గోడ పొడుగునా అట్టపెట్టెలు, దిండు గలీబులు, పాత చీరల మూటలు. అన్నిటిలోనూ సగం కుట్టిన బట్టలే. ఒక చెయ్యి ఉండి రెండో చెయ్యి లేని చలికోటు. మెడ కత్తిరించి వదిలేసిన జాకెట్లు. పై ముక్కలన్నీ ఒద్దికగా అతికి, అస్తరు వెయ్యక ఆగిపోయిన బొంతలు. అమెరికాలో ఆమెకు అన్నిటికంటే నచ్చినవి ఈ బొంతలే. "మనం పాత చీరలు మడతేసి కుడతాం. వీళ్ళు బట్టని ముక్కలు కోసి, ఆ ముక్కల్తో నక్షత్రాలు చేస్తారే!" అని కొత్తగా వచ్చినవాళ్ళకల్లా చెప్పేది.

"ఇన్ని మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చెయ్యలేదేమత్తా?" అన్నాను.

"మొదలుపెట్టేటప్పుడు చేతినిండా హుషారు ఉంటదమ్మాయ్. సగానికొచ్చేసరికి చేతినిండా డ్యూటీ ఉంటది."

అది నిజం. రెండు షిఫ్టులు కలిపి చేసేది. మామయ్యది ఏళ్ళ తరబడి సాగిన జబ్బు. మధ్యలో కొడుకు చదువు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉండేది.

ఆ మూటల్లో ఒకటి నాది. నా ఎనిమిదో పుట్టినరోజుకని గుంటూరులో గులాబీరంగు గౌను కత్తిరించి, కుట్టకుండానే విమానమెక్కింది. "క్రిస్మస్‌కి కుట్టి పంపిస్తా" అని చెప్పి, ముక్కల్ని పెట్టెలో వేసుకుని వచ్చేసింది. ఆ ఏడు క్రిస్మస్‌కి పోస్ట్‌మన్ కోసం ఎంత ఎదురుచూశానో చెబితే, "కుడతాలే, ఆగు" అంది. పెళ్ళయిన దాన్ని, ఆమె కంటే జానెడు పొడుగున్నదాన్ని. ఇద్దరం మెట్ల మీద కూచుని నవ్వుకున్నాం.

ఎనభై మూడు చివర్లో మొదటి స్ట్రోక్ వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలు ఈడ్చి నడవాల్సి వచ్చింది. మూతి కొంచెం వంకర పోయింది గానీ మాట పోలేదు. అంత మాత్రానికైనా సంతోషించమని ఆమెకు అందరూ చెప్పారు. ఆమె సంతోషించలేదు. ఫిజికల్ థెరపీకి వచ్చే అమ్మాయి ఒక రబ్బరుబంతి ఇచ్చి రోజూ నొక్కమంటే, తెలుగులో నాకు చెప్పింది: "బంతులాడుకునే వయసా ఇది? దీన్ని ఆ పిల్ల చేతిలోనే పెట్టి పంపించు."

ఆ అమ్మాయి మంచిదే. కుడిచెయ్యి ఇక రాకపోవచ్చని దాచకుండా చెప్పి, ఎడమచేత్తో చెంచా పట్టడం, గుండీలు పెట్టుకోవడం నేర్పింది. అత్త అవన్నీ చేసి చూపించి, ఆమె వెళ్ళాక నావైపు తిరిగింది.

"చెంచా పట్టకపోతే ఎవరో ఒకరు తినిపిస్తారు. సూది నా బదులు ఎవరు పడతారే?"

అప్పటికి బావ శాంటా క్లారాలో ఉద్యోగంలో ఉన్నాడు. తల్లిని అక్కడికి తీసుకెళ్ళిపోదామని రెండు వారాలు సెలవు పెట్టుకుని వచ్చాడు. తల్లి మీద ప్రాణం పెట్టుకున్నవాడు. ప్రేమున్న మనిషి తొందరపడితే ఎలా ఉంటుందో ఆ రెండు వారాల్లో చూశాను. ఇల్లు సేల్‌కి పెట్టించాలన్నాడు. ముందు బేస్‌మెంట్ క్లీన్ చెయ్యాలని, చెత్త వేసే పెద్ద ఇనుపతొట్టి తెప్పించి డ్రైవ్‌వేలో పెట్టించాడు.

"మమ్మీ, కింద ఉన్నదంతా జంక్. నువ్వు టెన్షన్ పడకు, నేను హ్యాండిల్ చేస్తాను."

అత్త మెట్ల పైన కుర్చీ వేయించుకుని కూచుంది. "జంకో కాదో నేను చెప్తా. ఒక్కొక్కటీ పైకి తెచ్చి చూపించు."

బావ మొదటి మూట తెచ్చాడు. "ఇది పాస్టరమ్మగారి కోటు. అక్కడ పెట్టు." రెండోది తెచ్చాడు. "ఇది పక్కవీధి వాళ్ళ కిటికీ కర్టెన్లు. అక్కడ పెట్టు." సాయంత్రానికి హాల్లో సోఫా కనబడలేదు, టీవీ కనబడలేదు. డ్రైవ్‌వేలో తొట్టి ఖాళీగా ఉంది. బావ చెమట తుడుచుకుంటూ నేలమీద కూలబడ్డాడు.

"వీటిలో ఒక్కటన్నా పారేద్దామా మమ్మీ?"

"ఇవన్నీ నేను ఒప్పుకున్న పనులు. పూర్తి చేసినాక ఇల్లు అమ్ముకో, నన్ను అమ్ముకో. అందాకా నేను కదల్ను."

"ఒక్క చేత్తోనా?"

"రెండు చేతులున్నప్పుడు ఏం చేశానో చూశావుగా. ఇప్పుడు ఒక్కదాంతో చూద్దాం."

నెలరోజుల్లో తనే విసుగొచ్చి మానేస్తుందని బావ నాతో వంటింట్లో గుసగుసగా అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. "సరే మమ్మీ, డీల్" అని విమానమెక్కాడు. రోజూ వెళ్ళి చూసుకునే బాధ్యత నా మీద పడింది.

ఆమె మానలేదు. మామయ్య పనిముట్ల పెట్టెలోంచి వడ్రంగి బిగింపులు తెప్పించి, గుడ్డను బల్లకు బిగించేది. సబ్బుబిళ్ళలో సూది నిలబెట్టి, ఎడమచేత్తో దారం ఎక్కించేది. మిషను పెడల్‌ను ఎడమకాలి కిందికి జరిపించుకుంది. మొదట కుట్టిన దిండు గలీబు మీద కుట్లు కోడి గీరినట్టున్నాయి. నేను ఆగలేక "ఇలా ఇవ్వు అత్తా, నేను కుట్టిపెడతాను" అన్నాను.

"అప్పుడు పూర్తయ్యేది నీ పని. నాది కాదు."

"పోనీ ఆ వంకర విప్పి మళ్ళీ కుట్టు."

"వంకరగా కుడితే వంకరగా కుట్టిందంటారు. అననీ. కుట్టకపోతే ఎవరూ ఏమీ అనరు. ఇన్నేళ్ళూ ఎవరూ ఏమీ అనలా. అదే నాకు కంపరం."

పూర్తయినవాటిని తన ఇంట్లో ఉంచుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఎవరివి వాళ్ళకు చేరాల్సిందే. నా స్టేషన్ వాగన్‌లో ముందు సీటులో కూచుని, ఒళ్ళో పొట్లం పెట్టుకుని దారి చెప్పేది. పక్కవీధి కర్టెన్లు తీసుకుని వెళ్తే, కుట్టమన్నవాళ్ళు ఏనాడో ఇల్లమ్మి వెళ్ళిపోయారు. తలుపు తీసింది మేమెవరో తెలియని అమెరికన్ దంపతులు. నేను సిగ్గుపడి వెనక్కి తిరగబోతుంటే అత్త కదల్లేదు.

"కొలత తీసుకున్నది కిటికీకి. కిటికీ ఇక్కడే ఉందిగా" అంది వాళ్ళతో ఇంగ్లీషులో.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని లోపలికి రమ్మన్నారు. కర్టెన్లు సరిగ్గా సరిపోయాయి. కాఫీ ఇచ్చారు.

నా గౌను కూడా పూర్తి చేసింది. కొలత పెంచలేదు, మార్చలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు కత్తిరించిన గౌను ఎనిమిదేళ్ళ పిల్లకే కుట్టి, కాజాలు తీసి, గుండీలు కుట్టి ఇచ్చింది. నాకు ఇద్దరూ మగపిల్లలే. "దీన్నేం చేసుకోమంటావు?" అంటే, "ఏమో. నీది నీకిచ్చా" అంది. మా చలికోట్ల మధ్య అది ఈరోజుకీ వేలాడుతోంది.

ఇంతవరకూ చెప్పినవి నవ్వుకుంటూ చెప్పుకునే సంగతులు. ఇక చెప్పబోయేది అలాంటిది కాదు. చర్చిలో కొందరికి ఆమె మీద ఇప్పటికీ కోపం పోనిది దీని మూలానే.

మా చర్చిలో ఏలూరునించి వచ్చిన ఒక నర్సు ఉంది. అందరం ఏలూరక్క అంటాం. అత్తతో ఒకే ఆసుపత్రిలో, ఆమె కింద పనిచేసేది. నేను ఈ దేశానికి రాకముందు ఆమెకు తొలికాన్పులో బిడ్డ చనిపోయి పుట్టింది. తర్వాత ఒక కొడుకు పుట్టాడు. ఆ మొదటి బిడ్డ సంగతి ఆమె ముందు ఎత్తకూడదని నేను వచ్చిన వారంలోనే నాకు ఎవరో చెవిలో చెప్పారు. చర్చిలో ప్రతి ఆడమనిషీ ఆ మాట పాటించింది.

ఎనభై ఐదు వేసవిలో అత్త ఒక చిన్న మూట విప్పింది. పసుపూ ఆకుపచ్చా ముక్కలతో, ఊయలకు సరిపోయేంత బొంత. పుట్టేది ఆడో మగో తెలియదు గనక ఆ రంగులు. పైభాగం అయింది, అస్తరు కత్తిరించి ఉంది, లోపల పెట్టే దూది పొర కూడా ఉంది. ఎవరికో ఆమె చెప్పకముందే నాకు అర్థమైంది.

"వద్దత్తా. ఇది వదిలెయ్."

"ఎందుకు?"

"బిడ్డ లేదుగా."

"బిడ్డ పుట్టింది. బతకలా. రెండూ ఒకటి కాదమ్మాయ్." సబ్బుబిళ్ళలోంచి సూది లాగింది. "ఆ రోజు డ్యూటీలో ఉన్నది నేను. ఆ పిల్లని కడిగింది నేను."

ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. ఆమె దారం ఎక్కించడంలో పడింది. ఆ బొంతకు మాత్రం మిగతావాటికంటే ఎక్కువ రోజులు పట్టింది. దానికొక్కదానికే కుట్లు విప్పి మళ్ళీ వేసుకోవడం చూశాను.

ఒక శనివారం పొద్దున ఏలూరక్క ఇంటికి తీసుకెళ్ళమంది. దారంతా నేను బతిమాలుతూనే ఉన్నాను. ఏలూరక్క తలుపు తీసి, నవ్వి, అత్త చేతిలో పొట్లం అందుకుంది. గుమ్మంలోనే విప్పింది. ఊయల కొలత చూడగానే నవ్వు పోయింది.

"ఇదేందక్కగారూ?"

"నీ పాపది. నా దగ్గర ఉండిపోయింది."

ఏలూరక్క బొంతను మళ్ళీ మడతపెట్టింది. తర్వాత, "మీరు వెళ్ళిపోండి" అంది. తలుపు మూసుకుంది. పొట్లం మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

అత్త నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. కారు మలుపు తిరిగేదాకా ఆ తలుపువైపే చూసింది.

మర్నాటి ఆరాధనకు ఏలూరక్క రాలేదు. రెండు వారాలు రాలేదు. కబురు పాకింది. అత్త కూచునే వరసలో చోటు ఖాళీగా ఉండడం మొదలైంది. పలకరించేవాళ్ళు నన్నొక్కదాన్నే పలకరించి పోయేవాళ్ళు. చివరికి పాస్టరమ్మగారు ఇంటికి వచ్చారు. అత్త కుట్టి ఇచ్చిన చలికోటే వేసుకుని వచ్చారు.

"మీరు మంచి మనసుతోనే చేసి ఉంటారమ్మా. కానీ మానిపోయిన గాయాన్ని కెలికినట్టయింది. ఒక్కసారి వెళ్ళి సారీ చెప్పండి. అయిపోతుంది."

"ఎన్ని గాయాలకు కట్టు కట్టానో నాకే లెక్క లేదండీ" అంది అత్త. "మానిన గాయం మీద కట్టు విప్పితే నొప్పి పుట్టదు. పుట్టిందంటే మానలేదనే."

"అయితే చెప్పరా?"

"చెప్పను."

పాస్టరమ్మగారు నావైపు చూశారు. నేను టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి పోయాను. 'సారీ చెప్పు' అని అత్తతో అనగల ధైర్యం నాకు లేదు. ఆమెను ఒప్పించాలన్న కోరిక కూడా అప్పటికి లేదు. ఆ వేసవంతా అత్త చర్చికి వెళ్తూనే ఉంది, ఆ ఖాళీ వరసలోనే కూచుంది, పాటలు మిగతావాళ్ళకంటే గట్టిగా పాడింది. ఇంటికొచ్చి జాకెట్లు కుట్టింది.

ఆకులు రాలే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ఏలూరక్క వచ్చింది. డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చినట్టుంది, తెల్లటి యూనిఫామ్‌లోనే ఉంది. నేను బల్ల దగ్గర దారాలు కత్తిరిస్తున్నాను. లేవబోతే అత్త కళ్ళతోనే కూచోమంది. ఏలూరక్క చేతిలో సంచి ఉంది. కూచోలేదు.

"ఎట్టా ఉంది?" అంది.

అత్త కత్తెర కింద పెట్టింది.

"ఆ రోజు డ్యూటీలో ఉంది మీరే గదా. పాపను చూసే ఉంటారు. మీరు బొంత తెచ్చినప్పట్నించీ అదే ఆలోచన. ఎట్టా ఉంది, అక్కగారూ?"

"జుట్టు బాగా ఉంది" అంది అత్త. "నుదుటి మీదికి పడేంత. తడిసి నల్లగా ఉంది. గడ్డం నీదే, ఆ చిన్న గుంట కూడా. వేళ్ళు పొడుగు. చల్లటి తువ్వాల్లో చుట్టబుద్ధి కాలా. వేడి చేయించి తెప్పించి, దాంట్లో చుట్టా. కాసేపు నేనే ఎత్తుకున్నా."

ఏలూరక్క గోడకు ఆనుకుంది. "మరి నాకెందుకు చూపించలా?"

"చూపించొద్దన్నారు. చూడకపోతే తొందరగా మర్చిపోతదన్నారు. అప్పట్లో అందరికీ అట్టాగే చేసేవాళ్ళు. నేను విన్నా." అత్త పడిపోయిన కుడిచేతిని ఒళ్ళోకి లాక్కుంది. "తప్పని తెలిసి కూడా విన్నానమ్మా. అదొక్కటే నేను పూర్తిగా పాటించిన ఆర్డరు."

ఏలూరక్క ఏడ్చింది. నర్సులు అలా ఏడుస్తారని నాకు తెలియదు, ఒక చిన్న పిల్లలా, నోరు తెరిచి. అత్త ఊరుకోమనలేదు, నీళ్ళు తెమ్మనలేదు. ఆ ఏడుపుకు అడ్డం రాకుండా కూచుంది. తర్వాత ఏలూరక్క సంచిలోంచి బొంత తీసింది.

"రోజూ తీసి చూస్తన్నా. ఈ మూల కుట్లు ఊడొచ్చినయ్."

అత్త చూసింది. ఎడమచేత్తో వేసిన కుట్లు వదులై దారం వేలాడుతోంది. ఆమె సబ్బుబిళ్ళను బల్ల మీద అవతలికి నెట్టింది.

"కూచో. నువ్వే వెయ్యి."

"నాకు కుట్టు రాదక్కగారూ."

"చర్మాన్ని కుట్టేటప్పుడు డాక్టర్లకు అందించావుగా, బట్టను కుట్టలేవా? కూచో."

ఆరోజు ఏలూరక్క వేసిన కుట్లు అత్తవాటికంటే వంకరగా ఉన్నాయి. తర్వాతి ఆదివారం ఆమె, ఆమె కొడుకు వచ్చి అత్త పక్కన కూచున్నారు. ఆమె ఎవరికీ ఏమీ వివరించలేదు. అత్త కూడా వివరించలేదు. పాస్టరమ్మగారు మాత్రం ఇదంతా దేవుడు సమకూర్చిన శాంతిసమాధానం అన్నారు. కావచ్చు. దేవుడికి కూడా గుమ్మం దాకా వెళ్ళే ఒక మొండిమనిషి కావలసి వచ్చిందని నా నమ్మకం. ఆ చివరి రోజున ఆసుపత్రిలో అత్త మంచం పక్క ఉన్నది ఏలూరక్కే. నేను మంచులో కారు తీసి వెళ్ళేటప్పటికి అంతా అయిపోయింది. ఏలూరక్క అత్తకు జడ వేసి ఉంచింది.

ఇది చదివే మీకూ ఇంట్లో ఎక్కడో సగంలో ఆగిపోయినవి ఉండే ఉంటాయి. వాటిని పూర్తి చెయ్యమని ఉపదేశం చెయ్యడానికి ఇది రాయలేదు. ఉపదేశాలంటే అత్తకు పడదు. నాకు తెలిసిందల్లా ఒకటే. ఒంట్లో సగం పనిచెయ్యని మనిషి, అందరూ ఇక చాలన్న తర్వాత, తన పని తాను చేసింది. ఎవరి అనుమతీ అడగలేదు.

కిందటి అక్టోబరుకల్లా, ఆమె పోవడానికి నాలుగు నెలల ముందే, మూటలన్నీ అయిపోయాయి. ఆ సంగతి నేనే ఫోన్లో బావకు చెప్పాను. అతను వెంటనే టికెట్ బుక్ చేసుకుని వచ్చేశాడు. ఖాళీ బేస్‌మెంట్‌లోకి దిగి, గోడను చేత్తో తడిమి, పైకి వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు.

"యూ డిడ్ ఇట్, మమ్మీ. నేను బిలీవ్ చెయ్యలేదు, సారీ. కానీ డీల్ అంటే డీల్ కదా. ఇప్పుడు నాతో వచ్చెయ్."

"మాట తప్పనులే. ముందు కారు తియ్యి" అంది.

బావ వెనక సీటు తలుపు తీస్తే కాదని ముందు సీటులో కూచుంది, వెనక నేను ఎక్కాను. ఎటువెళ్ళాలో తనే చెప్పింది. కారు వెళ్ళి ఆగింది ఒక పెద్ద బట్టలకొట్టు ముందు. లోపల ఆమె కర్ర ఆనించుకుంటూ ఒక్కొక్క వరసా దాటి, ముదురు నీలంరంగు నూలుబట్ట దగ్గర ఆగి, ఎడమచేత్తో నలిపి చూసింది. అట్టకు చుట్టిన ఆ బట్ట తానును బావ చేత మోయించి కౌంటర్ దగ్గరికి తెప్పించింది. కౌంటర్ దగ్గరి అమ్మాయి కత్తెర పట్టుకుని, ఎంత కావాలని అడిగింది.

"తియ్యి" అంది అత్త ఇంగ్లీషులో.

ఆ అమ్మాయి తానును తిప్పింది. తాను బల్ల మీద దబ్బున ఒక పల్టీ కొట్టింది, ఇంకోటి కొట్టింది. ఆ అమ్మాయి ఆగి అత్తవైపు చూసింది.

"కీప్ గోయింగ్, డియర్."

మళ్ళీ తిప్పింది. బట్ట కౌంటర్ చివరికి వచ్చి అంచు దాటి కిందికి జారడం మొదలైంది.

"ఇంత బట్టతో ఏం చేస్తావు మమ్మీ?" అన్నాడు బావ.

"ఇంకా అనుకోలా."

ఆ అమ్మాయి బావవైపు చూసింది, నావైపు చూసింది. అత్త ఎడమచెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పి, ఇంకా, ఇంకా అని సైగ చేసింది. తాను దబ్బుదబ్బుమని తిరుగుతూనే ఉంది. నీలంరంగు బట్ట కౌంటర్ మీంచి జారి నేలమీద పడబోతుంటే, బావ వంగి రెండు చేతులూ చాచి దాన్ని అందుకున్నాడు.